సాల్మన్ అన్న జనరేటర్

2022లో నేను పాతబస్తీలో, బహదూర్‌పురా వైపు ఒక సెక్షన్‌కి ఏఈగా ఉన్నాను. ఏఈ అంటే అసిస్టెంట్ ఇంజినీర్. బీటెక్‌లో ఎలక్ట్రికల్ చదువుతున్నప్పుడు దీనికి వేరే అర్థం ఉంటుందనుకున్నాను. తీరా చేరాక తెలిసింది, కరెంటు పోయినప్పుడు జనం తిట్టుకోవడానికి డిపార్టుమెంటు జీతమిచ్చి కూర్చోబెట్టే మనిషని. కరెంటు ఉన్నంతసేపూ ఏఈ ఎవరో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క విషయంలో దేవుడికీ మాకూ కొంచెం పోలిక ఉంది.

మా నాన్నది తెనాలి. కంచన్‌బాగ్‌లో లోహాల ప్లాంటులో ఉద్యోగం వచ్చి ఇటు వచ్చేశారు. నేను ఇక్కడే పుట్టి పెరిగాను. అందుకే నాకు ఇంట్లో ఒక తెలుగు, ఆఫీసులో ఒక తెలుగు, స్తంభం కింద ఉర్దూ. మేం చిన్నప్పటి నుంచీ వెళ్లే చర్చి కూడా నా సెక్షన్ పరిధిలోనే ఉండటం నా ప్రత్యేక అదృష్టం. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ పాస్టరయ్య దగ్గరికి వెళ్లి ప్రార్థన చేయించుకుని, అటు నుంచి నా దగ్గరికి వచ్చి లో వోల్టేజీ గురించి చెప్పేవారు. రెండు చోట్లా జవాబు ఒకటే: కాస్త ఓపిక పట్టండి.

చర్చి వెనక గల్లీ మూలన ఒక డీటీఆర్ ఉంది. డీటీఆర్ అంటే వీధుల్లో రెండు స్తంభాల మధ్య దిమ్మలా కూర్చుని గుయ్‌మంటూ ఉండే ట్రాన్స్‌ఫార్మర్. దాని నుంచి మూడు ఫేజులు, అంటే మూడు తీగలు బయల్దేరతాయి. వీధిలో ఇళ్లను ఈ మూడింటికీ పంచుతాం. ఏ తీగ మీదైనా బరువు మించితే దాని ఫ్యూజు పోతుంది, ఆ తీగ మీదున్న ఇళ్లన్నీ చీకటవుతాయి. ఆ చలికాలం ఈ డీటీఆర్ ఫ్యూజులు వారానికి రెండు మూడు సాయంత్రాలు పోవడం మొదలైంది. ఏసీలు లేవు, కూలర్లు లేవు. పోవాల్సిన కారణం కాగితం మీద ఎక్కడా లేదు.

ఊరికే ఫ్యూజే అయితే నాకు ఇంత గుర్తుండేది కాదు. ఆ గల్లీలో ఏలియా తాత ఉండేవాడు. నాన్న పనిచేసిన ప్లాంటులోనే కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు నాకు సండే స్కూల్లో పాటలు నేర్పిన గొంతు ఆయనది. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడైపోయి, కాన్సెంట్రేటర్ అనే మిషన్ మీద బతుకుతున్నాడు. గాలిలోంచి ఆక్సిజన్ వడకట్టి, ముక్కు దగ్గరికి గొట్టంలో పంపే మిషన్ అది. కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోతే కుయ్యోమంటూ అరిచి ఆగిపోతుంది. అప్పుడు ఆయన భార్య సంతోషమ్మ మామ్మ, తనకన్నా బరువైన సిలిండర్ని మంచం దగ్గరికి దొర్లించి, తాళం తిప్పి, గొట్టం మార్చాలి. మార్చాక నాకు ఫోన్ చేసేది. ఫిర్యాదుల నంబరుకు కాదు, నాకే.

"సుజాతమ్మా, మీ తాతకి మళ్ల గాలి బందైంది" అనేది. కరెంటు పోయిందని ఎప్పుడూ అనలేదు.

తాత ఇంటిని ఇంకో ఫేజుకి మార్పించాను. వారం తిరక్కుండా ఆ ఫేజు ఫ్యూజు పోయింది. మూడోదానికి మార్పించాను. అదీ పోయింది. ఎవరో మూడు తీగలనీ సమానంగా పిండుతున్నారు. దొంగే కానీ, పక్షపాతం లేని దొంగ.

దొరికింది ఒక సాయంత్రం, మా లైన్‌మన్ ఖలీల్ భాయ్‌తో కలిసి ఫ్యూజు వేయడానికి వెళ్లినప్పుడు. గల్లీ చివర సాల్మన్ అన్న ఫంక్షన్ హాలుంది. సాల్మన్ అన్న మా చర్చి కమిటీ పెద్ద, ముందు వరస మనిషి. ఆ పూట హాల్లో పెళ్లి. హాలు పక్కన జనరేటర్ దడదడలాడుతూ పొగ కక్కుతోంది. పెళ్లి రోజుల్లో మీటరు కరెంటు వాడననీ, అంతా సొంత జనరేటర్ మీదే నడుపుతాననీ సాల్మన్ అన్న గొప్పగా చెప్పుకునేవాడు. కానీ ఖలీల్ భాయ్ వేసిన ఫ్యూజు మళ్లీ పోయిన క్షణాన హాల్లో మూడో వంతు లైట్లు కూడా పోయాయి. పెళ్లికూతురి వైపు చీకటి, పెళ్లికొడుకు వైపు వెలుగు. సొంత జనరేటర్ మీద నడిచే హాలుకి మా ఫ్యూజుతో చుట్టరికం ఏమిటి?

ఖలీల్ భాయ్ జనరేటర్ దగ్గరికి వెళ్లి, చుట్టూ తిరిగి చూసి వచ్చాడు.

"మేడం, ఇది ఉత్తగ అరుస్తుంది. దీని వైరు ఏడికీ పోతలే. బారాత్‌ల బాజా లెక్క, పెండ్లికొడుకు వచ్చిండని చెప్పనీకే పెట్టిండ్రు."

సంగతేమిటంటే, జనరేటర్‌కీ లైనుకీ మధ్య ఒక చేంజోవర్ స్విచ్ ఉంటుంది. హ్యాండిల్ ఒకవైపు తిప్పితే లైను కరెంటు, ఇంకోవైపు తిప్పితే జనరేటర్ కరెంటు. సాల్మన్ అన్న స్విచ్‌కి 'జనరేటర్' అని రాసిన వైపున మా తీగే ఉంది, మీటరుకి ముందు నుంచి తెచ్చి కలిపింది. జనరేటర్ పని చప్పుడు చేయడం వరకే. నా ఉద్యోగంలో చాలా దొంగతనాలు చూశాను. దొంగతనానికి నేపథ్య సంగీతం పెట్టుకున్నవాణ్ణి మాత్రం ఆయన్నొక్కణ్ణే చూశాను.

దొంగ కరెంటు పట్టుకునే మా విజిలెన్స్ వాళ్లకి చెప్పాను. వాళ్లు జీపులో నన్నూ ఎక్కించుకుని వచ్చి, ఫోటోలు తీసి, కేసు రాసి, సర్వీసు కట్ చేశారు. నేను పక్కనే నిలబడ్డాను. సాల్మన్ అన్న కోపపడలేదు. నవ్వి, అందరికీ చాయ్ తెప్పించాడు.

"నీ డ్యూటీ నువ్వు చేసినవ్ చెల్లె. నాకేం ఫికర్ లేదు. దేవుడున్నడు" అన్నాడు.

దేవుడున్నాడనే నేనూ నమ్మి ఇంటికి వెళ్లాను. ఆ రాత్రి తృప్తిగా ప్రార్థన చేసుకున్నాను కూడా. తొందరపడ్డాను.

చట్టంలో కాంపౌండింగ్ అని ఒకటుంది. మొదటిసారి కరెంటు దొంగతనం చేసి దొరికినవాడు ఫలానా రుసుము కట్టేస్తే జైలు కేసు ఉండదు. అది ప్రభుత్వం ఇచ్చే క్షమాపణ. పశ్చాత్తాపంతో పనిలేదు, డీడీ చాలు. రెండు రోజుల్లో సాల్మన్ అన్న రసీదుతో వచ్చాడు. నేనే సంతకం పెట్టి కనెక్షన్ మళ్లీ ఇప్పించాను.

ఆ ఆదివారం పాస్టరయ్య ఆయన్ని సాక్ష్యం చెప్పమని పిలిచారు. మా చర్చిలో, దేవుడు చేసిన మేలుని నలుగురి ముందూ చెప్పుకోవడాన్ని సాక్ష్యం అంటారు. సాల్మన్ అన్న మైకు తీసుకున్నాడు.

"ఈ వారం నా మీదికి శత్రువు లేచిండు. ఒక్కడొచ్చిండా? జీపేసుకొని వచ్చిండు."

అందరూ స్తోత్రం అన్నారు. ఆ జీపులో ముందు సీట్లో కూర్చున్న శత్రువు అప్పుడు మూడో వరసలో, పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నా ఇల్లు చీకటి చేసిండు. రెండు దినాలల్ల నా దేవుడు ఆ చీకటిని వెలుగు చేసిండు."

ఈసారి ఆమెన్ గట్టిగా వినిపించింది. వెలుగు చేసింది దేవుడు కాదు, రీకనెక్షన్ ఆర్డరు మీద సంతకం పెట్టిన నేను. లేచి ఆ సాక్ష్యం నేనూ చెబుదామా అనిపించింది. మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

తర్వాతి సోమవారం నాకు మెమో వచ్చింది. గౌరవనీయ వినియోగదారుడితో దురుసుగా ప్రవర్తించానట, సంజాయిషీ ఇవ్వాలట. సాల్మన్ అన్నకి పైన ఎవరో తెలుసు. ఇప్పుడు ఆయన మీటరు మీదే వాడుతున్నాడు, అది నిజం. కానీ అంత పెద్ద హాలు ఆ చిన్న డీటీఆర్ మీద ఉండకూడదు, సొంతంగా ఒకటి పెట్టించుకోవాలి. నేను రాసిన నోటీసుకి గడువు మీద గడువు తెచ్చుకున్నాడు. పెళ్లిళ్లు జరుగుతూనే ఉన్నాయి, ఫ్యూజులు పోతూనే ఉన్నాయి. దొంగతనంగా పోయేవి ఇప్పుడు చట్టబద్ధంగా పోతున్నాయి. తేడా ఏలియా తాత ఊపిరితిత్తులకి తెలిసినట్టు లేదు.

ఆ రోజుల్లో నా ప్రార్థన ప్రార్థనలా ఉండేది కాదు, మా ఆఫీసు కౌంటర్ దగ్గర జనం మాట్లాడే తీరులో ఉండేది. ఎన్నిసార్లు చెప్పాలి, ఎవరూ చూడరా, పైన అసలు ఎవరైనా ఉన్నారా. అవే మాటలు నా మీద పడ్డప్పుడు ఎంత చిరాకు పడతానో గుర్తొచ్చి మధ్యలో ఆపేసేదాన్ని. మర్నాడు మళ్లీ మొదలు.

డిసెంబరులో మా చర్చి సెమీ క్రిస్మస్ వచ్చింది. తెలియని వాళ్లకి చెప్పాలంటే, అసలు క్రిస్మస్ నాడు పెద్దవాళ్లు దొరకరు కాబట్టి, వాళ్ల వీలుని బట్టి ముందే చేసుకునే క్రిస్మస్ ఇది. కేకు, బిర్యానీ, ముఖ్య అతిథి, శాలువా ఉంటాయి. ఆ ఏడు ముఖ్య అతిథి సాల్మన్ అన్న. చర్చి బయట అలంకరణంతా ఆయన కానుక. ఎత్తుగా నక్షత్రం, గోడ పొడవునా ఫోకస్ లైట్లు, మనిషంత సౌండ్ బాక్సులు. పాస్టరయ్య ఆయనకి శాలువా కప్పి, బైబిల్లో కష్టాలన్నీ ఓర్చుకున్న యోబు తర్వాత ఇంత శోధన తట్టుకున్నవాణ్ణి చూడలేదన్నట్టు మాట్లాడారు. యోబు మీద విజిలెన్స్ కేసు ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

కేకు కోయబోతుండగా బయట నక్షత్రం ఆరిపోయింది. నా ఫోన్ మోగింది.

"సుజాతమ్మా, మిషన్ ఆగింది. ఉన్న సిలిండర్ పొద్దుగాల్నే సగం అయింది. కొత్తది రేపుగాని రాదంట." మామ్మ గొంతు ఎప్పటిలా లేదు.

నేను బయటికి పరిగెత్తి డీటీఆర్ దగ్గరికి చేరేసరికి ఖలీల్ భాయ్ వచ్చేశాడు. ఫ్యూజు వేశాడు. ఠప్పుమని మళ్లీ పోయింది. హాల్లో ఆ పూట పెళ్లి కూడా లేదు. బరువు ఎక్కడి నుంచి వస్తోందా అని తీగ వెంబడి టార్చి వేసుకుంటూ నడిచాం. టార్చి వెలుగు మా చర్చి పక్క స్తంభం దగ్గర ఆగింది. రెండు నల్లటి లావు వైర్లు, కొసలు వంకీల్లా వంచి, మా తీగకి తగిలించి ఉన్నాయి. దీన్నే హుక్కు అంటారు. మీటరు లేదు, స్విచ్ లేదు, సిగ్గు లేదు. అటు కొస ఎక్కడికి వెళ్లిందో చూడక్కర్లేదు. క్రీస్తు పుట్టినప్పుడు తూర్పు దేశపు జ్ఞానులకి దారి చూపిన నక్షత్రం మా వీధిలో దొంగ కరెంటు మీద వెలిగింది. అలంకరణ బరువంతా ఒకే ఫేజు మీద పెట్టారు. తాత ఇల్లున్నదీ ఆ ఫేజు మీదే.

"తీసెయ్ భాయ్" అన్నాను.

ఖలీల్ భాయ్ కదల్లేదు. కారణం నాకు తెలుసు. పాతబస్తీ సెక్షన్లలో ఎక్కడా రాయని పద్ధతి ఒకటుంది. పండగ రోజుల్లో హుక్కు పడితే, ఎవరి పండగైతే ఆ మతం మనిషే వెళ్లి తీయాలి. వినాయక మండపాల దగ్గర మా ఇంకో లైన్‌మన్ యాదగిరి తీస్తాడు, ఉరుసు దగ్గర ఖలీల్ భాయ్ తీస్తాడు. అటుదిటు అయితే అది కరెంటు సంగతిగా ఉండదు, తెల్లారేసరికి ఇంకేదో అవుతుంది. రూల్‌బుక్‌లో ఈ మాట లేదు. రాసినవాళ్లకి మా స్తంభాలతో పరిచయం లేదు. మా సెక్షన్‌లో క్రైస్తవులం మొత్తం మీద నేనొక్కదాన్నే.

"నేను లైన్ బంద్ చేసి నిలబడ్త మేడం. రాడ్ మీరే పట్టాలె. రేపు ఎవ్వరడిగినా మా మేడం తీసిందని చెప్తా" అన్నాడు.

ఖలీల్ భాయ్ డీటీఆర్ స్విచ్ దించి, లైను చచ్చిందని చూపించాడు. నేను పట్టుచీర మీద రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని, పొడవాటి రాడ్ అందుకున్నాను. అప్పటికి చర్చి జనమంతా బయటికొచ్చారు. పాస్టరయ్య నా దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఈ ఒక్క సాయంత్రం. ప్రభువు పని కదా" అన్నారు.

ఏలియా తాతకి ఆక్సిజన్ ఆగిందని చెప్పాను. ఆయన ముఖం మారింది, అది ఒప్పుకోవాలి. కానీ వెనక నుంచి ఎవరో, కేకు కోసేదాకా ఆగితే ఏం పోతుందన్నారు. ఏం పోతుందో ఇప్పుడే చెప్పాను కదా.

సాల్మన్ అన్న శాలువా సర్దుకుంటూ ముందుకొచ్చాడు.

"ఏంది చెల్లె, నీ చర్చికే కరెంట్ తీస్తవా? నేను నా హాలు కోసం చేసిన్నా? దేవుని కోసం చేసిన."

"చర్చికి మీటరుంది అన్నా. దేవుడు మీటరు మీదే వాడుకుంటాడు. మనమే ఆగలేకపోయాం" అన్నాను.

ఒకరిద్దరు నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు. చిన్నప్పటి నుంచీ నన్ను ఎత్తుకు తిరిగిన ఆంటీలు నన్ను చూసిన చూపు మెమో కన్నా బరువుగా ఉంది. రాడ్ పైకెత్తి, ఒక వంకీ తప్పించాను. రెండోది మొరాయించింది. అక్కడ, అందరి ముందూ, మెడ నొప్పి పుట్టేదాకా దాంతో కుస్తీ పట్టాను. చివరికి వైరు జారి నక్షత్రం కింద పడింది. ఖలీల్ భాయ్ ఫ్యూజు వేసి స్విచ్ ఎత్తాడు. నిలబడింది.

చర్చి లోపల ట్యూబులైట్లు సొంత మీటరు మీద వెలిగాయి. బయట మాత్రం చీకటి. ఇక్కడితో నేను గెలిచానని రాసుకుందామంటే, సాల్మన్ అన్న ఉన్నాడు. హాలు నుంచి తన జనరేటర్‌ని ట్రాలీ మీద తెప్పించాడు. ఈసారి నిజంగానే వైర్లు కలిపించాడు. నక్షత్రం మళ్లీ వెలిగింది. ఎన్నాళ్లుగానో ఉత్తగా అరిచిన ఆ జనరేటర్ పని చేయడం అదే మొదటిసారి. క్రీస్తు జననం వల్ల లోకంలో వచ్చిన మార్పుల్లో దీన్నీ కలుపుకోవచ్చు. జనం చప్పట్లు కొట్టారు. కమిటీవాళ్లు ఆయనకి రెండో శాలువా కప్పారు. నాకు ఎవరూ బిర్యానీ పెట్టలేదు.

గ్లవ్స్ చేతిలో పట్టుకునే తాత ఇంటికి వెళ్లాను. మిషన్ బుడబుడమంటోంది. తాత దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదాల్లో నీలం ఇంకా పూర్తిగా పోలేదు. మామ్మ సిలిండర్ పక్కన నేల మీద కూర్చుని ఉంది. లేవడానికి ఓపిక లేనట్టుంది. నేను ఆయన ఆయాసం కూడా చూడకుండా అంతా కక్కేశాను. కేసు, డీడీ, సాక్ష్యం, మెమో, హుక్కు, రెండు శాలువాలు. దేవుడు ఇదంతా చూస్తూ ఎలా ఊరుకుంటాడని తాతనే నిలదీశాను, ఆయనేదో దేవుడి సెక్షన్ ఆఫీసర్ అయినట్టు.

తాత ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ అడిగాడు. "బిడ్డా, నువ్వు రాడ్ పట్టింది... సాల్మన్‌ని ఆగం చెయ్యనీకా... నాకు గాలి ఇయ్యనీకా?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "రెండిటికీ తాతయ్యా" అన్నాను.

తాత నవ్వాడు. నవ్వు దగ్గయి, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. మామ్మ వీపు నిమిరింది.

"ఒకటైతే అయింది గదా" అన్నాడు. కళ్లు మూసుకుని, గాలి తీసుకోవడంలో పడిపోయాడు.

నాకు ఊరట కలిగిందని రాయలేను. ఒకటే అయినందుకు ఒళ్లు మండుతూనే ఉంది. కానీ మిషన్ చప్పుడు వింటూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను. మామ్మ పప్పన్నం పెడితే తిన్నాను.

హుక్కు సంగతి గల్లీ అంతా తెలిసిపోయింది. గల్లీవాళ్లు కలిసి పైకి ఫిర్యాదు పెట్టారు. హాలుకి సొంత డీటీఆర్ వచ్చింది. దానికి సాల్మన్ అన్నే రిబ్బన్ కత్తిరించాడు, గల్లీ కష్టం తీర్చిన పెద్దమనిషిగా. నన్ను స్టోర్స్‌కి బదిలీ చేశారు. అక్కడ కేబుల్ చుట్టలు ఎవరి మీదా ఫిర్యాదు చేయవు, ప్రశాంతంగానే ఉంది.

ఆ తర్వాత తాత ఇంట్లో గాలి బందు కాలేదు. మరుసటి వానాకాలం, ఒక పగటి పూట, మిషన్ నడుస్తుండగానే నిద్రలో వెళ్లిపోయాడు. జ్ఞాపకార్థ కూడిక భోజనాలకి సాల్మన్ అన్న హాలు ఉచితంగా ఇచ్చాడు. జనం ఆయన్ని మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆయనకి రెండో హాలు కూడా ఉంది. నేను ఇంకా ఆ చర్చికే, ఆ మూడో వరసకే వెళ్తాను. సాల్మన్ అన్న మీద దేవుడి దగ్గర నేను పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. అటు నుంచి జవాబూ రాలేదు.

ఇన్నేళ్ల సర్వీసులో ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. దుష్టుడి లెక్క తేలాక చూద్దాంలే అని రాడ్ కింద పెట్టి కూర్చుంటే, ఆలోపు సిలిండర్ అయిపోతుంది.